పడవ మనది, గాలి మనది కాదు

సెలవు దొరికితే పిల్లలను ఎక్కడికి తీసికొని వెళ్ళాలా అని ఆలోచించే గృహస్థుల కోసం ఈ శీర్షికలో అప్పుడప్పుడు ఒక చోటును గురించి చెప్పుకొంటున్నాము. ఈ నెల చిల్కా సరస్సు వంతు. బరంపురం, ఛత్రపురం వాళ్ళకు చిల్కా గుమ్మం ముందున్న చెరువు వంటిది. గుమ్మం ముందున్నది గనుకనే చూడనివాళ్ళు ఎక్కువ. భువనేశ్వరం పోయే రైలులో రంభ దాటగానే కిటికీలోనుంచి నీళ్ళు చూపి, "అదుగోరా చిల్కా!" అని పిల్లవాడికి చెప్పి, మళ్ళీ పేపరు విప్పేవాళ్ళమే మనలో చాలామంది. బెంగుళూరు, ముంబయి, యానాం సోదరులు ఇది తమది కాదని పేజీ తిప్పివేయవద్దని మనవి. నీళ్ళు వేరైనా పడవ బేరం అన్నిచోట్లా ఒకటే.

చిల్కా మంచినీటి చెరువూ కాదు, అచ్చమైన సముద్రమూ కాదు. ఒక ప్రక్క మహానది పాయలైన దయా, భార్గవి వంటివి తెచ్చే మంచినీరు, మరొక ప్రక్క ముఖద్వారం గుండా వచ్చే సముద్రపు నీరు, రెండూ ఇక్కడ కలుస్తవి. పొడుగు 60 కిలోమీటర్లకు పైన. వానకాలంలో సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు పరచుకొని, ఎండకాలానికి 900 దాకా తగ్గుతుంది. బంగాళాఖాతానికీ దీనికీ మధ్య అడ్డం ఇసుక మేటే. అంతర్జాతీయ ప్రాముఖ్యంగల నీటి తావుల రామ్సార్ పట్టీలో 1981లో మన దేశం నుంచి మొదట చేరినవి రెండే. రాజస్థానంలోని కేవలదేవ్ ఒకటి, మన చిల్కా ఒకటి. తరువాత ముఖద్వారం పూడుకొనిపోయి, నీటిలో ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు కరవై, 1993లో ప్రమాదంలో పడినవాటి జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం త్రవ్వినారు. ఉప్పునీరు మళ్ళీ లోపలికి వచ్చింది, చేపా వచ్చింది. 2002లో ఆ జాబితానుంచి చిల్కా పేరు కొట్టివేశారు. ఒక సరస్సు చావు తప్పించుకొని బ్రతికిన కథ ఇది. పిల్లలకు పడవలో కూర్చోబెట్టి చెప్పదగినది.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలో భాగమే గదా. అందుచేత రంభ రేవులో తెలుగు మాట చెవిన పడితే ఆశ్చర్యపడనక్కరలేదు. ఈ తీరాన సముద్రపు వేటకు పోయే నోలియాల ఇండ్లలో తెలుగు ఇప్పటికీ వినబడుతుంది. ఒడియాలో బేరం మొదలుపెట్టి తెలుగులో ముగించే సదుపాయం మనకు ఇక్కడ ఉన్నది.

బరంపురంలో రైలెక్కితే హుమ్మా ఉప్పుమళ్ళు దాటిన తరువాత రంభ వస్తుంది. సరస్సుకు ఇది దక్షిణపు కొన. కొండలు నీటి అంచుదాకా దిగివచ్చి నిలుచున్నవి. పర్యాటక సంస్థవారి పాంథనివాసమూ, పడవల రేవూ ఉన్నవి. దగ్గరలో చూడదగిన ద్వీపాలు మూడు. సంకుడ అనే దాన్ని బ్రేక్‌ఫాస్ట్ ద్వీపం అంటారు. ఖల్లికోట రాజావారు కట్టించిన బంగళా శిథిలాలు అక్కడ ఉన్నవి. పక్షుల ద్వీపంలో నీటిమీదికి వ్రేలాడే పెద్ద పెద్ద బండలు పక్షుల రెట్టలతో సున్నం కొట్టినట్లు తెల్లగా కనబడతవి. మూడవది బర్కుడా. కొత్త దంపతుల పేరుతో దానికి హనీమూన్ ద్వీపమని ఇంకొక పేరు పెట్టినారు గాని, శాస్త్రజ్ఞులకు అది వేరొక కారణాన తెలుసు. కాళ్ళులేని ఒక జాతి బల్లిని అన్నండేల్ అనే ఆయన ఇక్కడ కనిపెట్టి 1917లో ప్రకటించాడు. దాని శాస్త్రీయ నామంలో ఈ ద్వీపం పేరే నిలిచిపోయింది. పాము కాదు, బల్లి. మా పిల్లలు ఆ రోజంతా ఆకులు కదిలించి వెదికారు, దొరకలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. చిల్కాలో మనిషికింత అని టిక్కెట్టు తీసికొని పదిమందితో కలసి ఎక్కవచ్చు, లేదా పడవ మొత్తం మనమే కట్టించుకోవచ్చు. కుటుంబమంతా కలసి వెళ్ళేటప్పుడు రెండవదే హాయి. ముసలివాళ్ళు కాళ్ళు జాపుకొంటారు, పిల్లలు పాడుకొంటారు, పులిహోర పొట్లాలు విప్పుకోవచ్చు. కాని మొత్తం పడవ మనదనేసరికి మనలో ఒక దొరతనం కూడా ప్రవేశిస్తుంది. ఆ దొరతనాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

మొన్న శివరాత్రి వెళ్ళిన ఆదివారం మేము పదకొండుమందిమి రంభ రేవుకు వెళ్ళాము. మా మేనత్త, మా బావగారు, చెల్లెలు, పిల్లలు, మేము. ఆఫీసులో పాతికేళ్ళు కాగితాలతో కాపురం చేసినవాణ్ణి గనుక, బేరం నేనే మాట్లాడాను. మూడు ద్వీపాలు, ఉదయం ఎనిమిదికి బయలుదేరడం, మూడింటికల్లా రేవు చేరడం, బాడుగ ఇంత. సరంగు ఏభై దాటిన మనిషి. మమ్మల్ని లెక్కపెట్టాడు, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టాడు, చిన్నపిల్లలకు చిన్నవి వెదికి తెచ్చి తన చేత్తోనే కట్టాడు. బావగారు ఉక్కగా ఉన్నదని తమ జాకెట్టు ప్రక్కన పెట్టబోతే, "కట్టుకోండి బాబూ, కట్టుకొంటేనే ఇంజను మొదలెడతాను" అన్నాడు. అప్పుడే బావగారి ముఖం కొద్దిగా ముడుచుకొన్నది.

పొద్దున నీళ్ళు పళ్ళెంలో పోసినట్లు ఉన్నవి. అద్దంలో కొండలు చూచుకొన్నట్లు ఉన్నది. మధ్యాహ్నం బర్కుడా ఒడ్డున భోజనాలయినవి. అప్పుడు మేనత్త తన బుట్ట అడుగునుంచి పసుపు రాసిన కొబ్బరికాయ తీసింది. మనుమరాలికి జ్వరం తగ్గితే కాళిజాయి అమ్మవారికి కాయ కొడతానని మొక్కుకొన్నదట. చిల్కాకే వస్తున్నాము గదా అని ఎవరికీ చెప్పకుండా తెచ్చుకొన్నది.

కాళిజాయి ద్వీపం బాలుగావ్, బర్కుల్ వైపున ఉన్నది. రంభకు అది ఈశాన్యంగా చాలా దూరం. బావగారు వెంటనే లేచారు. "దానికేముంది, పడవ మనదే గదా! ఇంకొక వెయ్యి రూపాయలు ఎక్కువ పడేస్తాను, పోనియ్యి కాళిజాయికి" అన్నారు.

సరంగు నీళ్ళవైపు చూచాడు. అప్పటికి అద్దం చెదరి, దక్షిణపు గాలికి చిన్న చిన్న అలలు లేస్తున్నవి. "పోలేము బాబూ" అన్నాడు.

"డబ్బిచ్చేది మేము. పోలేమంటావేమిటి? గాలి అటువైపే వీస్తున్నది గదా, ఇంకా త్వరగా పోవచ్చు!"

"పోడానికి గాలి మన చుట్టమే బాబూ. తిరిగి రావడానికే అది దారియ్యదు. ఈ రోజుల్లో పొద్దు వాలేకొద్దీ తెంపర గాలి ముదురుతాది. రెండు గంటలు పోయి, చీకటివేళ ఎదురుగాలిలో పిల్లలతోటి నాలుగు గంటలు రావాలి. ఎంతిచ్చినా నేను పోను."

చిల్కా లోతైన నీరు కాదు. చాలాచోట్ల నిలువెత్తు కూడా ఉండదు. లోతు లేదు గనుక భయం లేదనుకొంటాము. అనుభవజ్ఞులు చెప్పేది వేరు. లోతులేని నీటిమీద గాలి వీస్తే అలలు పొట్టివిగా, నిటారుగా, ఒకదానివెంట ఒకటి దగ్గర దగ్గరగా లేస్తవి. అడుగు వెడల్పుగా ఉండే పడవను అవి తెరిపి లేకుండా బాదుతవి. ఈ సంగతి సరంగు పుస్తకంలో చదివినది కాదు. చేతి చుక్కానిలో తెలిసికొన్నది.

బావగారు ఇంకా ఏదో అనబోతుండగా మేనత్త అడ్డం వచ్చింది. "ఊరుకో నాయనా. ఆ అమ్మవారు ఎవరనుకొన్నావు? ఆమె గాలికే పోయిన పిల్ల గదా. గాలిలో నా దగ్గరికి రమ్మని ఇంకొకరి పిల్లలను అడుగుతుందా?" అన్నది.

తెలియనివారికి ఆ కథ చెప్పాలి. జాయి అనే కొత్త పెళ్ళికూతురును తండ్రి అత్తవారింటికి చిల్కామీద పడవలో తీసికొనిపోతున్నాడు. నడుమ గాలివాన వచ్చి పడవ బోల్తాపడింది. తక్కినవాళ్ళు బయటపడ్డారు గాని పిల్ల దొరకలేదు. ఆమే ఈ నీటిమీద పోయేవాళ్ళను కాచే దేవత అయిందని ఈ ప్రాంతపు జాలరుల నమ్మకం. మకర సంక్రాంతికి ఆ ద్వీపంలో గొప్ప యాత్ర జరుగుతుంది. పడవవాళ్ళు ఆమెకు మ్రొక్కనిదే ఆ దారిన పోరు. మేనత్త మాట విన్న సరంగు రెండు చేతులూ జోడించి, "మావుసీ, నువ్వు చెప్పినావు" అన్నాడు. మావుసీ అంటే ఒడియాలో పిన్ని.

మూడింటికి రేవు చేరాము. చివరి అరగంట ఎదురు అలలు ముఖాన కొట్టి అందరమూ తడిసిపోయాము. చిన్నవాడు వాంతి చేసికొన్నాడు. అది ఒక్క అరగంట. ఆ సాయంత్రం తుఫానేమీ రాలేదు. పాంథనివాసం అరుగుమీద టీ త్రాగుతూ బావగారు, "చూచావా, ఏమీ కాలేదు. హాయిగా వెళ్ళిరావలసింది" అన్నారు. రెండు వారాల తరువాత మేనత్తను బస్సులో తీసికొనిపోయి, తెల్లవారగానే బర్కుల్ రేవునుంచి పడవ కట్టించి, ఎండ ముదరకముందే మొక్కు తీర్పించాము.

బావగారి మాటకు అప్పుడు నేను జవాబు చెప్పలేదు. పెద్దవారు. కాని ఆలోచిస్తే, మన ఇండ్లలో చాలామంది మాట అదే. ఏమీ కాలేదు గనుక హెచ్చరిక అనవసరమని. నా ఉద్యోగంలో ప్రతి ఖర్చుకూ ఒక రసీదు ఉంటుంది. జరగని ప్రమాదానికి మాత్రం ఎవరూ రసీదు ఇవ్వరు. అందుకే మంచి సరంగు చేసిన పని మన లెక్కలో కనబడదు. అతడు ఆ రోజు వెయ్యి రూపాయలు వదులుకొన్నాడు. మేము కాయ కొట్టకుండా ఇంటికి వచ్చాము. ఆ రెండే కనబడే లెక్కలు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదమీద ఉండగా పాపికొండలకు పోతున్న విహారపు పడవ కచ్చులూరు దగ్గర మునిగి, సెలవు గడపడానికి బయలుదేరిన ఎన్ని కుటుంబాలు ఇండ్లకు తిరిగి రాలేదో తెలుగువారు మరచిపోలేరు. "ఈ రోజు వద్దు" అనే మాట ఎంత విలువైనదో అటువంటప్పుడు తెలుస్తుంది.

కనుక పడవ కట్టించుకొనే గృహస్థులకు నా మనవి ఇంతే. బాడుగ ఇచ్చి మనం కొనేది పడవలోని చోటునూ, ఆ మనిషి కష్టాన్నీ. గాలినీ నీటినీ కొనలేదు. ఎక్కడికి పోవాలో బయలుదేరకముందు మనం చెప్పవచ్చు. బయలుదేరిన తరువాత ఎప్పుడు వెనక్కి తిరగాలో అతడు చెప్పాలి. ఆ మాట రేవులోనే, ఇంటి పెద్దలందరూ వినేటట్లు అనుకొనడం మంచిది. "సరంగు వెనక్కి అంటే వెనక్కే" అని ముందు అనుకొంటే, నడినీటిలో ఎవరి గౌరవానికీ భంగం ఉండదు. "మీరెంత ఇస్తే ఎక్కడికైనా తీసికొనిపోతాను" అనేవాడు దొరికితే, అతని పడవ ఎక్కకండి. తక్కువ బాడుగకు వస్తానన్నా సరే.

మిగిలినవి చిన్న సంగతులు. బాడుగ గంటలకా, రోజుకా అన్నది ముందే తేల్చుకోండి. పడవకు ఎంతమంది అని ఉంటే అంతమందే ఎక్కండి. చంకలో పిల్లనూ ఒక మనిషిగా లెక్కించండి. జాకెట్టు ఒళ్ళో పెట్టుకొనేది కాదు, కట్టుకొనేది. ద్వీపాలలో ఆడవాళ్ళకు మరుగు సదుపాయం ఉంటుందనుకోవద్దు. రేవులోనే ఆ పని చూచుకొని బయలుదేరడం మేలు. త్రాగే నీళ్ళు, గొడుగులు, ఒక జత పొడి బట్టలు తీసికొనిపోండి. కార్తీకంనుంచి మాఘంవరకు నీళ్ళు నెమ్మదిగా ఉంటవి. సైబీరియావంటి దూరదేశాలనుంచి వచ్చిన పక్షులు కూడా అప్పుడే కనబడతవి. వాటి దగ్గరికి పడవ పోనియ్యమని, కేకలు వేసి లేపమని సరంగును బలవంతపెట్టకండి. అంత దూరం ఎగిరి వచ్చినది మేతకూ విశ్రాంతికీ గాని, మన ఫోటోలకు కాదు. సాతపడా వైపు వెళ్ళి ఇరవాడీ డాల్ఫిన్లను చూచేవారికి కూడా ఇదే మాట. ఇంజను ఆపి దూరాన కూర్చుంటే అవే వీపు చూపుతవి. అరటి తొక్కలు, కాగితాలు, సీసాలు ఇంటికి తెచ్చుకోండి.

ఈ సంక్రాంతికి కాళిజాయి యాత్రకు వెళ్ళేవారు ఆ రద్దీలో చోటు దొరికిందిగదా అని నిండిన పడవలో కాలు పెట్టవద్దు. తరువాతి పడవ వస్తుంది. అమ్మవారు ఎక్కడికీ పోదు.