పడవలోని యంత్రమునకు నిర్మాణ సరంజామా

గత మాసమున మేము డొంకూరు సముద్రతీరమున నొక తండేలు చేతిలో చూచిన చిన్నయంత్రమును గూర్చి ఈ వారము వ్రాయ నిశ్చయించితిమి. ఉపగ్రహముల సంకేతమును అందుకొని పడవ యెచ్చటనున్నదో చెప్పు యంత్రమది. అద్దము పగులలేదు, తీగలు తెగలేదు, ఇంజనుప్రక్కనున్న బ్యాటరీ తగిలింపగనే వెలిగినది. “దిక్కు బాగానే సెప్తాది బాబూ, తేదీయే ఇరవయ్యేళ్లు ఎనక్కెల్లిపోనాది” అని ఆ పెద్దమనిషి చెప్పెను. తేదీ తప్పుటచే సూర్యోదయము, అస్తమయము అది చూపు వేళలన్నియు తప్పుచున్నవి. అంతకంటె నాయన వేసిన ప్రశ్న మమ్ములను కలతపెట్టినది. తేదీ విషయమున అబద్ధమాడు యంత్రమును చీకటిలో సముద్రముపై దారివిషయమున నమ్ముట యెట్లు?

యంత్రము కావలెనని అబద్ధమాడుటలేదు. అమెరికా వారి జీపీయస్ ఉపగ్రహములు తొలినుండియు పంపు సంకేతములో వారముల లెక్కకు పది బిట్లు మాత్రమే స్థలముంచిరి. 1,024 వారములు నిండగనే లెక్క తిరిగి సున్నకు వచ్చును. 1999 ఆగష్టులో నొకమారు, 2019 ఏప్రిలు 6వ తేదీ రాత్రి మరియొకమారు ఇట్లు జరిగినది. 2038 నవంబరులో మరల జరుగును. దీనిని కనిపెట్టి సరిచేయవలసినది యంత్రములోపల అచ్చువేసియుంచిన కార్యక్రమము. దానినే ఫర్మువేరు అందురు. మీట నొక్కగనే యంత్రమునకు మొదట ప్రాణముపోయు వ్రాత అది. కొద్ది పంక్తులు మార్చిన తేదీ సరిపడును. కాని చేసినవారు ఆ నమూనాను విడిచిపెట్టిరి. అమ్మినవారు క్రొత్తది కొనుమనిరి. ఒక బలమైన వస్తువు లోపలి లిపిని తిరిగి వ్రాయువారు లేక చెత్తబుట్ట పాలగుచున్నది.

మన జిల్లాలో కంప్యూటరు చదివిన యువకులకు కొదువయా? హైదరాబాదునకును బెంగళూరునకును పోవు రైళ్లలో పలాస స్టేషనున ఎక్కువారిని చూడుడు. ఐనను వారిలో నొకనిని పిలిచి, ఫర్మువేరు మూలవ్రాత ఇచ్చి, “దీనిని యంత్రమునకెక్కు రూపమునకు తెమ్ము” అన్నచో నూటికి తొంబదిమంది తెల్లబోవుదురని మా యనుమానము. మేము పరీక్షించియే చెప్పుచున్నాము. ఎల్లరకు ఉచితముగా దొరకు ఎడ్కె-టూ యను ఫర్మువేరు మూలమును మా పరిచితుడైన ఒక విద్యార్థి చేతికిచ్చితిమి. తెలివిగలవాడు, ప్రథమశ్రేణిలో తేరినవాడు. మూడుదినములు కుస్తీపట్టి నాలుగవనాడు విజయము సాధించెను. ఆ మూడుదినములలో అతడు ఫర్మువేరునందు ఒక్క అక్షరమైనను మార్చలేదు. అంతయు సరంజామా సమకూర్చుటకే సరిపోయినది. తప్పు అతనిది గాదు; నాలుగేండ్ల చదువులో ఆ పని యెన్నడును అతని చేతికి రాలేదు.

సరంజామా యనగా నేమో పఠనాలయములలో నీ పత్రిక చదువు మిత్రులకు కొంచెము విశదపరచెదము. మనుజుడు వ్రాసిన మూలవ్రాతను యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. దీనిని దుబాసీ యనుకొనుడు. మన బల్లమీది కంప్యూటరు ప్రాసెసరు మాటాడు భాష ఒకటి, పడవయంత్రములోని చిన్న ప్రాసెసరు మాటాడు భాష మరియొకటి. కావున ఇచ్చట కూర్చుండి అచ్చటి భాషలో వ్రాయగల దుబాసీ వలయును. దానిని క్రాస్ కంపైలరు అందురు. 1987లో తొలిసారి వెలువడిన గ్నూ వారి జీసీసీ ఇట్టిదే, వెల లేనిది. ఈ దుబాసీ ముక్కలుముక్కలుగా తెచ్చిన తర్జుమాను ఒక్కటిగా కుట్టునది లింకరు. ఏ ముక్క మెమొరీలో ఏ చోట నుండవలెనో దానికొక పటము నీయవలెను. న్యాయస్థానములలో సర్వేనంబరు, హద్దులు లేని దస్తావేజు ఎంత చెల్లునో, ఈ పటము తప్పిన ఫర్మువేరు అంతే చెల్లును. మీట నొక్కిన యంత్రము నిశ్శబ్దముగా నుండును, ఎందుకో చెప్పదు. ఇవిగాక పనుల క్రమమును నడుపు మేక్, ఎవరు ఎప్పుడు ఏ పంక్తి మార్చిరో చిట్టా వ్రాయు గిట్, కట్టిన ఫర్మువేరును చిప్పులోనికెక్కించు సాధనము, తప్పును వెదకుటకు జేటాగ్ తీగ. ఇంతయు కలిసి ఒక సరంజామా.

మన పొందూరు నేతను ఎరిగినవారికి ఇది క్రొత్తవిషయము గాదు. అచ్చటి సన్ననూలు రాట్నముతో మొదలుగాదు. వాలుగచేప దవడ యెముకతో ప్రత్తిని దువ్వుటతో మొదలగును. దువ్విన పిదప గింజ తీయుట, ఏకుట, ఏకులు చేయుట, అటుపిమ్మట వడకుట. ఆ దవడ యెముక దొరకనినాడు రాట్నమెంత మంచిదైనను ఆ నూలు రాదు. వస్త్రము మనదనిపించుకొన్నది నేసిన చేయి మనదగుటచేతనే గాదు, దువ్వెన మొదలు మగ్గమువరకు ప్రతి సాధనమును మన వాకిట చేసికొనగలుగుటచేత. ఫర్మువేరు కట్టువాడును మొదట దువ్వెనయే చేసికొనవలెను. ఎడ్కె-టూలో బేస్‌టూల్సు అను సాధనములను ముందుగా కట్టినగాని అసలు కట్టడమునకు దారిలేదు. కోర్‌బూటు వారు మరికొంత దూరము పోయి, ఇంటిలోనున్న దుబాసీని నమ్మక, తమ దుబాసీనే మూలమునుండి కట్టుకొందురు. పాతయంత్రముపై దానికి చాల వేళ పట్టును గాని, ఫలితము స్థిరము.

మా విద్యార్థి పడిన చిక్కులను దాచక చెప్పుట ఇతరులకు మేలు. మొదటిది: మూలమును దించుకొన్నాడు గాని, దానిలో నుపశాఖలుగానున్న ఓపెన్‌యస్సెస్సెల్ మొదలగువానిని వేరుగా తెప్పింపవలెనని తెలియక ఒకదినము పోగొట్టుకొన్నాడు. రెండవది: నాసమ్ అను అసెంబ్లరు, ఐఏయస్సెల్ అను మరియొక సాధనము తన యంత్రమున లేవు; లేవని తెలియజేయు వాక్యము నూర్లపంక్తుల నడుమ మునిగిపోయినది. మూడవది విచిత్రము. తన సంచయమునకు రెండు మాటల పేరు పెట్టి నడుమ ఖాళీ విడిచెను. మేక్ ఆ ఖాళీని చూచి రెండు దస్త్రములనుకొన్నది. నాలుగవది అన్నిటికంటె గట్టిది. మూలము పాతది, జీసీసీ క్రొత్తది. పాత దుబాసీ ఊరకున్నచోట క్రొత్త దుబాసీ హెచ్చరిక చేసెను. ఎడ్కె-టూ నియమము ప్రకారము హెచ్చరికయు దోషమే; కట్టడము నిలిచిపోయినది.

ఈ నాల్గవ చిక్కునుండియే మేము ముఖ్యమనుకొను విషయము పుట్టుచున్నది. మూలవ్రాతను మాత్రమే భద్రపరచిన చాలదు. ఏ దుబాసీ, ఏ సంచిక, ఏ యే సాధనములు, ఏ క్రమమున కట్టినదో అంతయు వ్రాసి, వీలైనచో ఆ సాధనముల నన్నిటిని కంటైనరు అను పెట్టెలో పెట్టి సీలువేసి యుంచవలెను. పదియేండ్ల తరువాత ఎవడో వచ్చి ఆ పెట్టె తెరచి అదే ఫర్మువేరును తిరిగి కట్టగలుగవలెను.

పెట్టె మన యింటనే యుండవలెను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినవి; కరెంటు స్తంభములు కూలినవి; దినములతరబడి దీపము లేదు, టెలిఫోను లేదు. అట్టి వారమున ఒక యంత్రము ఫర్మువేరు చెడినచో, దూరదేశపు సర్వరునుండి సాధనములు దించుకొందుమనుట హాస్యాస్పదము. ఆ తీరమున యంత్రములు బాగుచేయవలసిన అగత్యము మిక్కుటమగునది సరిగా ఆ వారముననే. జనరేటరుపై నడచు ఒక కంప్యూటరు, దానిలో సమస్త సాధనముల స్వంతప్రతి, రెండవప్రతి వేరొక ఊరిలో. ఇంతమాత్రము చేయుటకు గొప్ప ధనము అక్కరలేదు.

ధనమను మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. యంత్రము కొనకముందే నేర్చుకొనవచ్చును. క్యూఈఎంయు అను కార్యక్రమము లేని ప్రాసెసరును ఉన్నట్లు నటించును. కట్టిన ఫర్మువేరును దానిపై నడిపి చూచుకొనవచ్చును. అసలు చిప్పు కావలెనన్నచో తిరువనంతపురమున సీడాక్ వారు వేగా ప్రాసెసర్లను, వానితో ఏరీస్ బోర్డులను చేసియున్నారు. మదరాసు ఐఐటీ వారి శక్తి ప్రాసెసరు రచన ఎల్లరకు తెరచియున్నది. రెండును రిస్క్-ఫైవ్ అను బహిరంగభాషను మాటాడును. 2022 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఈ మార్గమునకే డిర్-ఫైవ్ అను కార్యక్రమము ప్రారంభించినది. చిప్పు స్వదేశీ, దానిపై వ్రాత కట్టు సరంజామా మాత్రము ఎవరి యింటనో అయినచో అది సగము స్వదేశీయే.

నమ్మకమును గూర్చి యొక మాట. ట్యూరింగు బహుమాన సందర్భమున కెన్ థాంసన్ చేసి 1984లో అచ్చువేయించిన ఉపన్యాసములో, కంపైలరులో దొంగతలుపు దాచినచో మూలవ్రాతనెంత చదివినను అది కనబడదని నిరూపించెను. తర్జుమా తప్పుచేసిన దుబాసీని మూలదస్తావేజు చదివి పట్టుకొనలేము గదా. దీనికి విరుగుడుగా డెబియన్ వారు 2013 మొదలు కృషిచేయుచున్న పద్ధతి యొకటి గలదు. ఒకే మూలమును వేర్వేరు చోట్ల వేర్వేరు మనుష్యులు కట్టినను అక్షరము తేడాలేక అదే ఫర్మువేరు రావలెను. అట్లు రావలెనన్న కట్టినవేళ, కట్టినవాని సంచయపు పేరు మొదలగునవి లోనికి చొరబడకుండ చూడవలెను. ఒకటే వచ్చినచో ఒక్కని మాటపై గాక పలువురి సాక్ష్యముపై నమ్మకము నిలుచును. టెక్కలిలో కట్టినదియు ఎచ్చెర్లలో కట్టినదియు ప్రభుత్వమువారు ఇచ్చినదియు ఒక్కటేనని తేలిననాడు డొంకూరు తండేలు ప్రశ్నకు జవాబు చెప్పగలుగుదుము.

ఈ జవాబు ఇప్పుడే యెందుకు కావలెననగా, పడవలలోనికి క్రొత్తయంత్రములు వచ్చుచున్నవి. 2024 ఆగష్టు 30వ తేదీన పాల్ఘరులో ప్రధానమంత్రి ప్రారంభించిన పథకము ప్రకారము ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్షపడవలలో దఫదఫములుగా అమర్పవలెను. సముద్రమునుండి సందేశము పంపవచ్చును, తీరమునుండి అందుకొనవచ్చును, జలసరిహద్దు సమీపించిన హెచ్చరిక వచ్చును. ఈ మేలును మేము మనఃపూర్వకముగా స్వాగతించుచున్నాము. ఉప్పునీటిపై హద్దుగీటు కనబడదు. 2018 నవంబరులో గుజరాతు తీరమున వేటకుపోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థానువారి చేజిక్కి, వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలగుదాక ఇండ్లలో పొయ్యి యెట్లు వెలిగినదో ఈ తీరము మరువలేదు. అట్టి హెచ్చరిక యిచ్చు యంత్రము పదునైదేండ్ల తరువాతను సత్యమే పలుకవలెను. అప్పటికి దానిని చేసిన కంపెనీ యుండునో లేదో ఎవరు చెప్పగలరు?

న్యాయవాదవృత్తిలోనున్న మాకు షరతులు చదువుట అలవాటు. ప్రపంచమున చాల యంత్రములలోనున్న లినక్సునకు వర్తించు జీపీయల్ రెండవ సంచిక, 1991 నాటిది, మూలవ్రాతతోపాటు దానిని కట్టుటకును ఎక్కించుటకును వాడిన ఆజ్ఞాపత్రములను గూడ ఇయ్యవలెనని విధించుచున్నది. అనగా సరంజామా వివరమును పొందుట దయాధర్మము గాదు, హక్కు. ఈ లైసెన్సు షరతులు న్యాయస్థానమున చెల్లునని జర్మనీలో మ్యూనికు న్యాయస్థానము 2004లోనే తీర్పుచెప్పినది. మన కేంద్రప్రభుత్వమును 2015లో బహిరంగమూలముగల కార్యక్రమములనే మొదట పరిశీలింపవలెనని విధానము ప్రకటించినది. విధానము కాగితముపైనున్నది; టెండరు షరతులలోనికి దిగవలెను. ప్రజాధనముతో కొను ప్రతి పడవయంత్రమునకు మూలవ్రాతయు, కట్టు విధానమును, సాధనముల పెట్టెయు ఒక ప్రభుత్వసంస్థయొద్ద దాఖలు చేయవలెనని, తయారీదారు ఆ నమూనాను విడిచిన మరునాడే అవి బహిరంగము కావలెనని షరతు వ్రాయుటకు మత్స్యశాఖవారికి అడ్డేమున్నది? సంతకపు తాళపుచెవులు రహస్యముగా నుంచవలెనను వాదము రానున్నది. తాళపుచెవి రహస్యము కావచ్చును. తాళము పనిచేయు విధము రహస్యము కానక్కరలేదు.

ఇది ప్రభుత్వము చేయవలసినది. మనము చేయవలసినదానికి ఎవరి అనుమతియు అక్కరలేదు. ఎచ్చెర్ల ట్రిపుల్ఐటీలోను, టెక్కలి, శ్రీకాకుళము ఇంజనీరింగు కళాశాలలలోను మూడవసంవత్సరపు విద్యార్థి ప్రతివాడును ఒక్క ఫర్మువేరునైనను మూలమునుండి కట్టి, నటనయంత్రముపై నడిపి చూపినగాని ఉత్తీర్ణుడు కాకూడదని అధ్యాపకులు నియమించవలెనని కోరుచున్నాము. సాధనముల స్వంతప్రతి నుంచుటకు ఇచ్ఛాపురమున ఒక పఠనాలయము వారు బల్లయు గదియు ఇత్తుమని చెప్పియున్నారు. ఎవరైనను ఇంటనే ప్రయత్నించి ఎచ్చట చిక్కుపడిరో వ్రాసిపంపినచో, చిక్కును, దొరికిన పరిష్కారమును ఈ పుటలలోనే ప్రకటించెదము. సంచయము పేరున ఖాళీ మాత్రము విడువకుడు.