అప్పు లేదన్న యంత్రము కారణము చెప్పవలదా?



మా సహకార సంఘ సభ్యుడొకడు మగ్గము బాగుచేయించుకొనుటకును, నూలు కొనుటకును బ్యాంకులో అప్పుకు దరఖాస్తు పెట్టినాడు. ఇరువది సంవత్సరములుగా సంఘమునకు నేయుచున్నవాడు. ఒక్క రూపాయి బాకీ ఎగవేసి ఎరుగడు. రెండు నిమిషములలో సెల్‌ఫోనుకు జవాబు వచ్చినది: దరఖాస్తు అంగీకరింపబడలేదు. కారణమడుగగా గుమాస్తా, "కంప్యూటరు ఒప్పుకొనలేదు, నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. ఇప్పుడా సభ్యుడు సావుకారు వద్ద అడ్వాన్సు తీసికొని, సావుకారు చెప్పిన మజూరీకే నేయుచున్నాడు.

మన సంఘములో బట్ట లోపముగా నున్నప్పుడు ఏమి చేయుదుము? బల్లపై పరచి, ఇదిగో ఇక్కడ పోగు తెగినది, ఇక్కడ అంచు కుదరలేదని నేసినవానికి చూపిన తరువాతనే మజూరీ తగ్గింతుము. చూపకుండ తగ్గించిన ఎవ్వరూరకుందురు? బ్యాంకు యంత్రమునకు మాత్రము ఈ మర్యాద వర్తింపదా?

ఈ యంత్రములు పూర్వము అప్పు తీసికొన్నవారి లెక్కలు చూచి క్రొత్తవారికి మార్కులు వేయును. నెలజీతగాని లెక్కలందు దండిగా నుండును. పండుగలకు చేతినిండ సొమ్ము, వానకాలమున పస్తు అనుభవించు నేతగాని లెక్క తక్కువ. తనకు తెలియనివానిని యంత్రము నమ్మదగనివానిగా ఎంచు ప్రమాదము కలదు.

ఇతర దేశములలో దీనిపై న్యాయపోరాటములు సాగినవి. ఫిన్లాండులో ఒకనికి నిర్మాణ సామగ్రి కొనుటకు అరువు నిరాకరింపబడినది. అతని సొంత చెల్లింపుల తీరును విచారింపక, వయస్సు, ఆడా మగా యనునది, మాతృభాష, నివాసప్రాంతము చూచి మార్కులు వేసినారు. అతడు స్త్రీ యైనను, స్వీడిషు మాతృభాషగా గలవాడైనను అరువు దొరకియుండెడిది. 2018 మార్చిలో అచ్చటి ట్రిబ్యునలు ఇది వివక్షయని నిషేధించి, మరల చేసినచో లక్ష యూరోల జరిమానా యని హెచ్చరించినది.

మాతృభాషకు మార్కులట! ఇంట తెలుగు, వీధిలో మరాఠీయో తమిళమో కన్నడమో ఒడియాయో మాట్లాడు మనకు ఇది చిన్న సంగతి కాదు. మన దేశమున అట్లు జరుగుచున్నదని నేననుట లేదు. జరుగుట లేదని తెలిసికొను మార్గము మనకు లేదనుచున్నాను.

2023 డిసెంబరు 7న ఐరోపా న్యాయస్థానము జర్మనీ వ్యాజ్యములో, మార్కులపైననే బ్యాంకు ప్రధానముగా ఆధారపడినచో ఆ మార్కులు వేయుటయే నిర్ణయమగునని తీర్పు చెప్పినది. 2025 ఫిబ్రవరిలో ఆస్ట్రియా వ్యాజ్యమున, ఆ నిర్ణయమెట్లు జరిగినదో సామాన్యునికి అర్థమగునట్లు వివరింపవలెననియు, లెక్కల సూత్రమొకటి చేతికిచ్చిన చాలదనియు చెప్పినది. ఆ వ్యాజ్యమునకు మూలము నెలకు పది యూరోల ఫోను ఒప్పందము మాత్రమే!

మన దేశపు 2023 నాటి వ్యక్తిగత సమాచార చట్టములో ఐరోపావారి వంటి నిబంధన లేదు. అయినను మనము నిరాయుధులము కాము. అన్ని తరగతుల ఋణముల విషయమునను నిరాకరణకు ముఖ్య కారణము వ్రాతమూలకముగా తెలుపవలెనని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులను ఆదేశించినది. పూర్వఋణచరిత్ర లేదను ఒక్క కారణముతో తొలిసారి అడుగువారిని త్రోసిపుచ్చరాదని 2025లో ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. ఖాతాను మోసపు ఖాతాగా ముద్రవేయుటకు ముందు ఋణగ్రస్తుని మాట వినవలెనని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. ఆ న్యాయమే యంత్రమునకును వర్తింపజేయవలెనని నా అభిప్రాయము.

యంత్రమునకు సిఫారసు అక్కరలేదు, లంచము పనికిరాదు అని కొందరందురు. నిజమే; మేనేజరు దయకొరకు పడిగాపులు పడిన రోజులు నేనును మరువలేదు. కాని మేనేజరుతో వాదింపగలిగితిమి. యంత్రముతో వాదించుటెట్లు?

కావున సభ్యులు చేయవలసిన పనులివి. నిరాకరణ వచ్చిన వెంటనే కారణమును వ్రాతపూర్వకముగా కోరుడు. ఏటేట ఉచితముగా లభించు ఋణచరిత్ర నివేదికను తెప్పించుకొనుడు. తప్పున్నచో ఫిర్యాదు చేయుడు. ముప్పది దినములలో పరిష్కరింపనిచో దినమునకు 100 రూపాయల పరిహారమునకు మీరు అర్హులు. బ్యాంకు వినకున్న అంబుడ్స్‌మనుకు వ్రాయుడు. ప్రతి సంఘమును సభ్యుల మజూరీ లెక్కలు సక్రమముగా నుంచి, అడిగినవారికి ధృవపత్రము ఇయ్యవలెను. నిరాకరణ పత్రములన్నియు మన సంఘము ఒకచోట చేర్చి, తగిన న్యాయవాదికి చూపవలెను.

ఒంటిపోగు తెగును, పడుగు నిలుచును.

— ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి