విలన్‌కి తిట్లు రానక్కర్లేదు

సూపర్‌హీరో టేబుల్‌టాప్ గేమ్‌లో, పుట్టుకని బట్టి మనుషుల్ని ద్వేషించే విలన్‌ని పెట్టొచ్చా? మా గేమింగ్ గ్రూప్‌లో ఈ మధ్య దీని మీద పెద్ద వాదనే నడిచింది. కొందరు "గేమే కదా, రియలిస్టిక్‌గా ఉండనీ, తిట్లు కూడా ఉండనీ" అన్నారు. ఇంకొందరు "ఈ తలనొప్పి మనకెందుకు, ఏలియన్స్‌ని పెట్టుకుందాం" అన్నారు. నాకు రెండూ నచ్చలేదు. అలాంటి విలన్ ఉండాల్సిందే అంటాను. కానీ వాడి ద్వేషం వాడు చేసే పనుల్లో కనపడాలి, గేమ్ మాస్టర్ నోట్లోంచి తిట్లుగా రాకూడదు.

ఈ ఆటలు తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. కథ చెప్పే తాతయ్య మధ్యలో ఆగి "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావ్ రా?" అని అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే దాదాపు అదే. తాతయ్య స్థానంలో గేమ్ మాస్టర్ ఉంటాడు, మిగతా వాళ్లకి తలా ఒక హీరో. అనుకున్న పని అయిందో లేదో పాచికలు తేలుస్తాయి. 1981లో వచ్చిన ఛాంపియన్స్, 2002లో వచ్చిన మ్యూటంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ లాంటివి సూపర్‌హీరో కథల కోసమే తయారయ్యాయి. వీటిలో విలన్లందరికీ గొంతు ఇచ్చేది గేమ్ మాస్టరే. అసలు గొడవ ఇక్కడే.

ముందు ఏలియన్స్ పార్టీ సంగతి. సూపర్‌హీరోలకి ఇలాంటి విలన్లు కొత్తేం కాదు. కెప్టెన్ అమెరికా మొదటి కామిక్ మీద ఉన్న తేదీ 1941 మార్చి. కవర్ బొమ్మలో హీరో హిట్లర్ దవడ మీద గుద్దుతున్నాడు. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగనే లేదు, దిగింది ఆ డిసెంబర్‌లో. ఆ పాత్రని సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి ఆ విలన్ ఎక్కడో గ్రహాంతరాల్లో లేడు.

1946లో సూపర్‌మ్యాన్ రేడియో సీరియల్‌లో 'క్లాన్ ఆఫ్ ద ఫైరీ క్రాస్' అని 16 భాగాల కథ వచ్చింది. కూ క్లక్స్ క్లాన్‌నే పేరు కొంచెం మార్చి విలన్‌గా పెట్టారు. మెట్రోపొలిస్‌కి ఒక చైనీస్ అమెరికన్ కుటుంబం వస్తుంది. వాళ్లబ్బాయి టామీ బేస్‌బాల్ బాగా ఆడతాడు. వాడి వల్ల టీమ్‌లో తన చోటు పోయిందని చక్ అనే కుర్రాడు వెళ్లి బాబాయికి చెప్పుకుంటాడు. ఆ బాబాయి క్లాన్ నాయకుడు. ఇక బెదిరింపులు మొదలవుతాయి.

నాకు ఇందులో నచ్చింది సూపర్‌మ్యాన్ బలం కాదు, విలన్లని పేర్చిన పద్ధతి. బాబాయి ఆ ద్వేషాన్ని మనసారా నమ్ముతాడు. అతని పైనున్న పెద్ద నాయకుడికి అది ఉత్త వ్యాపారం. చక్ భయపడతాడు, తడబడతాడు, చివరికి మనసు మార్చుకుంటాడు. ఒకే గుంపులో ముగ్గురూ మూడు రకాలు. గేమ్‌లో ఇలా పెడితే ప్లేయర్లకి గుద్దడం కాక ఇంకా బోలెడు పని దొరుకుతుంది. డబ్బు ఎటు పోతోందో పట్టుకోవచ్చు, చక్ లాంటి వాడితో మాట్లాడి బయటికి లాగొచ్చు, ఆ కుటుంబానికి రాత్రంతా కాపలా కాయొచ్చు. ఇందులో దేనికీ గేమ్ మాస్టర్ తిట్టాల్సిన పని లేదు.

ఇక రియలిస్టిక్ పార్టీ. సినిమాలో విలన్ తెర మీద ఇంకెవరినో తిడతాడు. మన బల్ల దగ్గర తెర లేదు. ఎదురుగా కూర్చున్న ఫ్రెండ్ కళ్లలోకి చూసి ఆ మాట అనాలి. అన్నది క్యారెక్టర్‌నే కావచ్చు, వినేది మాత్రం మనిషి. రంగు మీదో, యాస మీదో, కులం మీదో అలాంటి మాటని తను ఇంతకుముందు ఎక్కడ పడిందో మనకి తెలీదు. నాలుగేళ్లు ఒకే రూమ్‌లో ఉన్నా కొందరు చెప్పరు.

పైగా నిజ జీవితంలో ద్వేషం ప్రతిసారీ తిట్టు రూపంలో రాదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో "నీ ర్యాంక్ ఎంత?" అనే ప్రశ్న ఒక్కోసారి ర్యాంక్ కోసం కాదని, కులం కూపీ లాగడానికని మనకి తెలియంది కాదు. అడిగేవాడు నవ్వుతూనే అడుగుతాడు. 1982 నాటి ఎక్స్‌మెన్ గ్రాఫిక్ నవల 'గాడ్ లవ్స్, మ్యాన్ కిల్స్'లో విలన్ విలియం స్ట్రైకర్ కూడా టీవీలో ప్రసంగాలిచ్చే మతబోధకుడే. కొమ్ములూ కోరలూ ఉన్న ఏ విలన్‌కీ నేను అంత భయపడలేదు.

ఎక్స్‌మెన్ తరహా గేమ్‌లో ఇంకో చిక్కుంది. మ్యూటంట్ల మీద ద్వేషాన్ని నిజ లోకపు వివక్షకి పోలికగా వాడతాం. కానీ కొందరు మ్యూటంట్లు నిజంగానే కంటిచూపుతో గోడలు కూల్చగలరు. వివక్షకి గురయ్యే మామూలు మనుషులకి అలాంటి శక్తులేం లేవు. కాబట్టి విలన్ "వీళ్లు ప్రమాదకరం" అన్న ప్రతిసారీ గేమ్ మాస్టర్ ఒక మ్యూటంట్ చేత బస్టాండ్ పేల్పిస్తే, విలన్ తరఫున సాక్ష్యం మనమే రాసిచ్చినట్టు. విలన్‌కి బాధాకరమైన గతం ఉండొచ్చు. వాడు ఎందుకలా అయ్యాడో అది చెప్పాలి, వాడు చేసింది రైటే అనిపించకూడదు.

ఆట మొదలెట్టే ముందు కూర్చుని మాట్లాడుకుంటే సగం సమస్య తీరుతుంది. దాన్ని సెషన్ జీరో అంటారు. రాన్ ఎడ్వర్డ్స్ అనే గేమ్ డిజైనర్ 'లైన్స్ అండ్ వీల్స్' అనే పద్ధతి చెప్పాడు. లైన్ గీసిన విషయం కథలోకి రానే రాదు. వీల్ వేసిన విషయం జరుగుతుంది, కానీ తెర వెనక. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన ఎక్స్ కార్డ్ ఇంకా సులువు. ఎక్స్ అని రాసిన కార్డు బల్ల మధ్యలో ఉంటుంది. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సీన్ మార్చేస్తారు, కారణం చెప్పాల్సిన పని లేదు. "ఇంత సున్నితమైతే ఆటెందుకు?" అనే వాళ్లకి నా జవాబు ఒకటే. బ్యాట్స్‌మన్ హెల్మెట్ పెట్టుకునేది ఫాస్ట్ బౌలింగ్ వద్దని కాదు, ధైర్యంగా ఆడదామని.

సెమ్ బ్రేక్‌లో నేను నడపబోయే గేమ్‌కి విలన్ రెడీ. ఆయనొక మేయర్. అందరినీ "అండీ" అనే పలకరిస్తాడు. పవర్స్ ఉన్నవాళ్లకి ఇల్లు అద్దెకివ్వాలంటే పోలీస్ సర్టిఫికెట్ కావాలని, అంతా జనం భద్రత కోసమేనని ఒక రూల్ తెస్తాడు. మొదటి సెషన్‌లో ఫైట్ ఉండదు. హీరోలకి ఇల్లు దొరకదు, అంతే. కావాలంటే మేయర్‌ని కొట్టొచ్చు, కానీ కొట్టినంత మాత్రాన ఆ రూల్ పోదు. మావాళ్లు ఏం చేస్తారో చూడాలని చాలా ఆత్రంగా ఉంది. ఇంకో ఇద్దరికి చోటుంది, వస్తారా?