రొమ్ములో గడ్డ: సూది పరీక్షకు జంకొద్దు

చేలో ఆకు మీద మచ్చ కనబడితే ఆ రోజే ఆకు తుంచుకుని మందుల కొట్టుకి పోతాం. ఇంట్లో ఆడమనిషి రొమ్ములో గడ్డ ఉందంటే మాత్రం కోతలయ్యాక చూద్దాం అంటాం. ఇది తప్పు.

సూది పొడిస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందనే భయం ఒట్టిదే. ఆ చోట తిమ్మిరెక్కే ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగులో గడ్డను చూస్తూ సూదితో చిన్న ముక్కలు తీస్తారు. ‘టక్’మని చప్పుడొస్తుంది, బెదరొద్దు. కుట్లుండవు, సాధారణంగా అదే రోజు ఇంటికి రావచ్చు. కాస్త కమిలినా తగ్గిపోతుంది. రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. ఒకటి రెండు రోజులు గడ్డిమోపులు, బిందెలు ఎత్తనీయకండి.

ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కావు. అయినవి తొలిదశలో దొరికితే నయమయ్యే అవకాశం ఎక్కువ. రైతు సోదరులారా, ఆ రోజు కూలి పోయినా సరే, తోడు వెళ్లండి. రిపోర్టు వచ్చిన రోజు కూడా!