ట్యాబుతో పాటు ఒక పీరియడ్ కూడా ఇవ్వండి

సంపాదకుడు గారికి,

ప్రభుత్వ బడి పిల్లలకు ట్యాబులివ్వడం అవసరమా, దండగ ఖర్చా అన్న గొడవ మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా తెగలేదు. ఇచ్చినవాళ్లు పేదపిల్లల తలరాత మారిందన్నారు. కాదన్నవాళ్లు పిల్లలు రీల్స్‌కి మరిగి చెడిపోయారన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పుకునే నాకు ఈ తగువులో అసలు సంగతి పక్కకు పోయిందనిపిస్తోంది. పేదింటి పిల్లకు పరికరం ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే తెర మీద కనబడేదాంట్లో ఏది నమ్మొచ్చో, ఏది నమ్మకూడదో తేల్చుకోవడం నేర్పే పీరియడ్ కూడా టైంటేబుల్లోకి రావాలి. ఇన్నాళ్లూ రానిది అదే.

పరికరం ఎందుకు కావాలో కరోనా ఏడాది చూశాం. పక్కనున్న తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో పాఠాలు వచ్చాయి. పాఠం టీవీలో వినొచ్చు, సందేహం అడగాలంటే మాత్రం ఫోన్ కావాలి. కూలిపనికెళ్లే ఇళ్లలో ఆ ఫోన్ నాన్న జేబులో పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొస్తుంది. వచ్చాక ముందు అన్నకు, మిగిలితే చెల్లికి. ప్రథమ్ సంస్థ అసర్ 2023 సర్వేలో 14 నుంచి 18 ఏళ్ల పల్లెటూరి పిల్లల్లో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన అబ్బాయిల్లో సుమారు 44 శాతానికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో 20 శాతానికే ఉందని తేలింది. కాబట్టి ట్యాబు దండగ అనేవాళ్లు ముందు ఆ చెల్లెలికి జవాబు చెప్పాలి.

2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో, మరుసటేడు అదే తేదీన మన్యంలోని చింతపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. ఒక్కో విడతలో నాలుగు లక్షల మందికి పైగా అందుకున్నారు. లోపల బైజూస్ పాఠాలు వేసిచ్చారు. ఆ కంపెనీయేమో 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబులిచ్చిన ఆ రెండేళ్లలో పిల్లలకు ట్యాబు ఎలా తెరవాలో చెప్పాం, ఎలా ఛార్జింగ్ పెట్టాలో చెప్పాం, పగిలితే ఎవరికి చెప్పాలో చెప్పాం. అందులో చూసినదాన్ని ఎలా చదవాలో చెప్పమని మాకు ఏ సర్క్యులరూ రాలేదు.

అసర్ 2024 ప్రకారం పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. వారిలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. అంటే మనం ట్యాబు ఇచ్చినా ఇవ్వకపోయినా పిల్లలు అక్కడికి చేరిపోయారు. ఇక తాళాలేసి ఆపుదామంటే, ఏ తాళమైనా మా తొమ్మిదో తరగతి వెనక బెంచీ వాళ్ల ముందు నిలవదు.

ఏది నమ్మాలో తేల్చుకునే ఈ చదువు, కలిగినింటి పిల్లలకన్నా పేదింటి పిల్లలకే ఎక్కువ అవసరం. పట్నంలో ఉద్యోగస్తుల ఇంట్లో తప్పుడు మెసేజ్ వస్తే పక్కనుండి ‘అది ఫేక్ నాన్నా’ అనేవాళ్లు ఒకరుంటారు. మా బడి పిల్లల ఇళ్లలో చదవడం వచ్చిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. పింఛను మెసేజ్ అవ్వకు చదివి చెప్పేది తనే. ఉచిత ల్యాప్‌టాప్ పథకమంటూ లింకు వస్తే ఆధార్ నంబరు కొట్టేది తనే. రెండు నిమిషాల్లో లోనిస్తామనే యాప్‌లో అమ్మ ఫోటో దించి ఎక్కించేదీ తనే. ఇలాంటి ఉచిత ల్యాప్‌టాప్ ప్రకటనలు బూటకమని కేంద్రం తరఫున పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ పలుమార్లు చెప్పింది. అది మా ఊరి వాట్సాప్ గ్రూపుల దాకా రాదు, లింకు మాత్రం వస్తుంది. పధ్నాలుగేళ్ల పిల్ల నమ్మితే ఇల్లంతా నమ్మినట్టే.

పుకారు పల్లెలో ఎంత పని చేస్తుందో 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లప్పుడు చూశాం. అప్పట్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లలోకి పంపి, పాటలతో జనానికి నచ్చజెప్పించారు. అదే ఏడాది కేరళలోని కన్నూర్ జిల్లాలో కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ మరో దారి పట్టారు. వ్యాక్సిన్ మీద వచ్చిన పుకార్లతో విసిగి, సుమారు 150 ప్రభుత్వ బడుల్లో ‘సత్యమేవ జయతే’ పేరుతో బూటకపు వార్తల మీద క్లాసులు పెట్టించారు. తర్వాత అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ అదే పేరుతో రాష్ట్రమంతటా 19.72 లక్షల మంది పిల్లలకు శిక్షణ ఇచ్చింది. 2024లో ఐదు, ఏడు తరగతుల ఐసీటీ పుస్తకాల్లో అది పాఠమైపోయింది. కలెక్టర్ బదిలీ అయితే ఆగిపోయే పని పుస్తకంలోకి ఎక్కితే ఆగదు. మనకు కావాల్సిందీ పుస్తకమే.

దీనికి కంప్యూటర్ టీచర్లు దొరకరని అడ్డం చెప్పొద్దు. ఇది కంప్యూటర్ పాఠమే కాదు. తెలుగు మాస్టారు చెప్పొచ్చు, సోషల్ టీచర్ చెప్పొచ్చు. చానెల్ లోగో అంటించిన ఒక బ్రేకింగ్ న్యూస్ ప్లేటును తరగతిలో పెడితే చాలు: ఎవరు రాశారు, ఎప్పటిది, ఇంకెక్కడైనా వచ్చిందా, దీన్ని మనం నమ్మితే ఎవరికి లాభం? తుఫాను రోజుల్లో తిరిగే పాత వీడియోలతో నెల రోజులు పాఠం నడపొచ్చు. ఎనిమిదో తరగతికి ఓటీపీ, 1930 సైబర్ నేరాల నంబరు, అకౌంటును ప్రైవేటులో పెట్టుకోవడం. పదికొచ్చేసరికి ఏఐతో చేసిన గొంతులు, బొమ్మలు.

అసలు అడ్డంకి వేరే ఉంది. మార్కులు లేనిదాన్ని పిల్లలు చదవరు, మేమూ చెప్పం. నాలుగు రోజులు శిక్షణ ఇచ్చి, మా ఫోన్లలో మరో యాప్ ఎక్కించి, క్లాసు చెబుతున్నట్టు ఫోటో పెట్టమంటే ఫోటోలే మిగులుతాయి. హాజరు, భోజనం, మరుగుదొడ్డి అన్నిటికీ ఫోటోలు తీసి చేతులు పడిపోయినవాళ్లం. అందుకని యాప్ వద్దు. వారానికి ఒక పీరియడ్, తెలుగులో పల్చటి పుస్తకం, ఫార్మేటివ్ పరీక్షల్లో ఐదు మార్కులు ఇవ్వండి. ట్యాబులు తరగతికి కొన్ని చొప్పున బడిలోనే ఉంచి, సాయంత్రం గంట సేపు ఎక్కువగా ఆడపిల్లల చేతికి అందేలా చూడండి. ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లు వచ్చే ఏటి పుస్తకాలు అచ్చుకు పంపేలోపు ఈ పుస్తకాన్నీ జాబితాలో చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సోషల్ స్కూల్ అసిస్టెంట్,
పల్నాడు జిల్లా