పిచ్చివాని చేతి రాయి

‘పిచ్చివాని చేతిలో రాయి’ అన్న సామెతకు మనము తరగతిలో అర్థము చెబుతూనే ఉంటాము. వినగానే అందరి దృష్టీ రాయి మీదనే నిలుస్తుంది. అది ఎవరి మీద పడునో, ఎటు తప్పుకోవలెనో అన్నదే చింత. ఆ మనిషికి ఒక తల్లి ఉండునని, ఆమె అతని వెనుకనే పరుగెత్తి వస్తున్నదని సామెత కట్టినవారికి తోచలేదు. తెలుగువాడు ముద్దు వస్తే ‘పిచ్చితండ్రీ’ అంటాడు; కోపము వస్తే ఎర్రగడ్డకో చినవాల్తేరుకో పంపించాలంటాడు. మాటను ఇంత చనువుగా వాడుకొన్న మనమే, ఆ జబ్బు నిజముగా ఇంట అడుగుపెట్టిననాడు తలుపులు వేసుకొని గుసగుసలాడుతాము.

ఇటీవల ఆ తలుపులు కొన్ని తెరుచుకొంటున్నవి. స్కిజోఫ్రేనియా, తీవ్రమైన బైపోలార్ వ్యాధి వంటివానితో బాధపడువారి తలిదండ్రులు, తోబుట్టువులు బయటికి వచ్చి ఒక ప్రశ్న అడుగుతున్నారు: అర్ధరాత్రి వేళ ఎవరిని పిలవాలి?

నాకు తెలిసిన ఒక విద్యార్థి మూడేండ్ల క్రిందట, డిగ్రీ రెండవ సంవత్సరములో, రోజుల తరబడి నిద్ర మాని, అన్నములో విషము కలుపుతున్నారని కంచము ముట్టక, ఒక రాత్రి మేడమీది పిట్టగోడ ఎక్కినాడు. తండ్రి పిలిచిన వాహనము వచ్చినది. వచ్చినవారు కుర్రవాని వాలకము చూచి, ఇది తమ పని కాదని, పోలీసులకు చెప్పుకొమ్మని మరలిపోయినారు. ఠాణాలోనేమో, కేసేదీ లేదు గనుక ఆసుపత్రికి తీసుకొనిపొమ్మన్నారు. చివరకు మేనమామలు ఇద్దరు అతనిని పట్టి దింపి, తువ్వాళ్లతో చేతులు కట్టి, బాడుగ కారులో నాలుగు గంటలు ప్రయాణము చేసినారు. ఆ తండ్రి తరువాత నాతో, “వాడికి గుండెపోటు వచ్చినా బాగుండేదండీ, మాస్టారూ! ఎవరో ఒకరు వచ్చి స్ట్రెచరు మీద ఎక్కించేవారు” అన్నారు. కన్నతండ్రి నోట రాదగిన మాటా అది! ఆ కుర్రవాడు ఇప్పుడు మందులు వేసుకొంటూ చదువు ముగించినాడు గాని, మేనమామల గడప మాత్రము ఈనాటికీ తొక్కడు.

చట్టము లేదా అంటే, ఉన్నది. 1912 నాటి ఉన్మాదుల చట్టము, 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టము పోయి, 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. అంబులెన్సు గాని, అత్యవసర సేవ గాని శరీర రోగికి ఏ రీతిగా లభిస్తుందో మనోరోగికీ ఆ రీతిగానే లభింపవలెనని దాని 21వ సెక్షను. 94వ సెక్షను మరింత స్పష్టము. ప్రాణాపాయమును గాని, తనకో పరులకో కలుగనున్న తీవ్రమైన హానిని గాని తప్పించుటకు, రిజిస్టరైన ఏ వైద్యుడైనా, మనోవైద్య నిపుణుడే కానక్కరలేదు, ఆసుపత్రిలోనే గాక వెలుపల సైతము చికిత్స చేయవచ్చును. రోగి తరఫు ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన సమ్మతి తీసుకోవలెను. గడువు 72 గంటలు. రోగిని దగ్గరి మానసిక ఆరోగ్య సంస్థకు చేర్చుట కూడ ఆ చికిత్సలో భాగమేనని అక్కడనే వ్రాసి ఉన్నది. ఇక 100వ సెక్షను ప్రకారము, మనోవ్యాధివలన తనకో పరులకో అపాయము తెచ్చేలా ఉన్నవానిని పోలీసులు రక్షణలోకి తీసుకొని, 24 గంటలలోపల ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను, లాకప్పులో పెట్టరాదు. ఆ రాత్రి వచ్చినవారిలోనో, ఠాణాలోనో ఈ సెక్షనులు చదివినవారు ఒక్కరు ఉన్నా సరిపోయేది.

108 వాహనము 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రములోనే మొదలై, తరువాత అనేక రాష్ట్రాలకు వ్యాపించినది. ప్రసవవేదనకు, పాము కాటుకు పల్లెలోనికి పరుగున వచ్చే ఏర్పాటును దేశానికి చూపినవారము మనము. కలతపడిన మనిషితో ఎట్లు మాటలాడవలెనో, ఎంత దూరములో నిలువవలెనో, ఎప్పుడు వైద్యుని సలహా అడుగవలెనో ప్రతి అంబులెన్సు సిబ్బందికీ నేర్పుట మనకు దుస్సాధ్యమా? 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఏ వేళనైనా ఫోను చేయవచ్చును, మంచిదే. కాని ఫోనులో పలికే కంఠము బండి ఎక్కి ఇంటికి రాదు. అమెరికాలోని మెంఫిస్ నగరములో 1987లో పోలీసులు ఒక మనోరోగిని కాల్చి చంపిన పిమ్మట, రోగుల కుటుంబాల సంఘము పట్టుబట్టి పోలీసులతో, విశ్వవిద్యాలయాలతో చేతులు కలుపగా, 1988లో ఇందుకై ప్రత్యేక శిక్షణ పొందిన దళము ఏర్పడినది. మనవారు కోరేది అంతకంటె ఎక్కువేమీ కాదు. జిల్లా ఆసుపత్రిలోనే ఒక గది, నాలుగు పడకలు, రాత్రి వేళ మందు ఇవ్వగల వైద్యుడు ఉంటే నాలుగు గంటల పరుగు తప్పుతుంది.

అయితే కుటుంబాల కోరికలలో ఒకటి నాకు సమ్మతము కాదు. తాము చెప్పినంతమాత్రాన రోగిని బలవంతముగా చేర్చుకోవలెననేవారు ఉన్నారు. వారి అలసట ఎరుగనివాడను కాను. కాని ఆస్తి తగాదాలలో మనిషిని పిచ్చివానిగా నిలబెట్టిన ఇండ్లూ, ఒకసారి చేర్చి మరల ముఖము చూపని ఇండ్లూ మన మధ్యనే ఉన్నవి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో నిప్పంటుకొన్నప్పుడు గొలుసుల కట్లలో చిక్కి 28 మంది మరణించినారు. అట్టి చోట్లకు రోగులను తెచ్చి విడిచేది చాలమట్టుకు సొంత ఇంటివారే. గొలుసును 95వ సెక్షను ఇప్పుడు పూర్తిగా నిషేధించినది. సమ్మతి తెలుపలేని రోగిని ప్రతినిధి కోరికపై చేర్చుకొనే ముందు ఇద్దరు వేరువేరుగా పరీక్షింపవలెనని, వారిలో ఒకరు మనోవైద్యులై ఉండవలెనని, మొదట 30 దినములు మించరాదని 89వ సెక్షను పెట్టిన కట్టుబాటు ఉండవలసినదే. పైగా హింసకు దిగినవానికే అందులో చోటున్నదనుకొనుట పొరపాటు. తన్ను తాను చూచుకొనలేక హానికి లోనయ్యే స్థితిని కూడ ఆ సెక్షను లెక్కలోకి తీసుకొన్నది. తిండి మాని మూలను కూర్చున్న ఆడపిల్లకు ఇది ముఖ్యము. ఆమె చేతిలో రాయి లేదు గనుక ఎవరూ చూడరు.

ఉపాధ్యాయులకు ఈ సంగతి దూరమైనది కాదు. ఈ వ్యాధులు తరచుగా తల యెత్తేది పదహారు పదిహేడేండ్లు మొదలు ముప్పది లోపు వయసున. ఉన్నట్టుండి స్నేహితులను విడిచినవానిని, ఎవరో తన్ను గూర్చే మాటలాడుకొంటున్నారనేవానిని పొగరుబోతని మందలించి ఊరకుంటాము. ఇంటివారు దిక్కు తోచక మొదట వచ్చి అడిగేదీ మననే. ప్రతి పాఠశాలా, ప్రతి కళాశాలా తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి 94వ సెక్షను నకలు ఒకటి పంపి, రాత్రివేళ పిలిస్తే ఏ ఏర్పాటు ఉన్నదో తెలుపవలసినదని వ్రాతపూర్వకముగా అడుగవచ్చును. జవాబు వచ్చినా రాకపోయినా ఆ కాగితము జిల్లా కలెక్టరుకు పంపవచ్చును. సెక్షను పెద్దదేమీ కాదు. పై తరగతి విద్యార్థులు ఒక్క పీరియడులో చక్కని తెలుగున వ్రాసి పెట్టగలరు.