అక్కడ పరదేశులు, ఇక్కడ స్థానికేతరులు

కువైట్ నగరానికి దక్షిణంగా దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో, సముద్రపుటొడ్డున ఫహాహీల్ అనే పట్టణం ఉన్నది. ఒకప్పుడది జాలరులు, ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారు నివసించిన చిన్న ఊరు. 1938లో సమీపంలోని బుర్గాన్‌లో చమురు బయల్పడిన తరువాత దాని రూపురేఖలే మారిపోయాయి. నేడు అక్కడా, దాని చుట్టుపక్కల మంగఫ్, మహబూలా ప్రాంతాల్లోనూ కడప, రాయచోటి వైపు నుంచి వెళ్లిన మన కుటుంబాలు అద్దె ఇళ్లలో కాపురముంటున్నాయి.

గల్ఫ్ అనగానే మనకు ఒంటరి శ్రామికుడే గుర్తుకు వస్తాడు. అది సహజమే. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, ఇంటి డ్రైవర్లకు కుటుంబాన్ని రప్పించుకునే వీలు లేదు. 2024 జనవరిలో కువైట్ కుటుంబ వీసాలను తిరిగి ప్రారంభించినప్పుడు, కొన్ని వృత్తులను మినహాయించి, నెలకు 800 దినార్ల జీతం ఉండాలని షరతు విధించింది. అంతకుముందు తక్కువ జీతంతోనే భార్యాబిడ్డలను తీసుకువెళ్లిన గుమాస్తాలు, మెకానిక్కులు, దుకాణ ఉద్యోగులు కొందరున్నారు. మేము ఇప్పుడు ప్రస్తావించదలచినది వారి పిల్లల గురించి.

ఈ పిల్లలు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. సీబీఎస్ఈ బడిలో ఇంగ్లీషు చదువుతారు. శుక్రవారం జుమా నమాజు తరువాత తండ్రి చేయి పట్టుకుని సముద్రతీరానికి వెళ్లడమే వారికి పండుగ. అయితే అక్కడ పుట్టినా ఆ దేశ పౌరసత్వం రాదు. తండ్రి ఉద్యోగం ఉన్నంత కాలమే వారి ఇఖామా. ఈ సంగతి తల్లిదండ్రులకు మొదటినుంచీ తెలుసు. అందులో మోసమేమీ లేదు. మోసపోయినట్లు అనిపించేది స్వస్థలానికి తిరిగివచ్చిన తరువాతనే.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, మన విద్యాసంస్థలలో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఇక్కడ చదివి ఉండాలన్నది అందులోని ప్రధాన నియమం. అంటే ఇంటర్మీడియట్ రెండేళ్లు, వాటికి ముందు తొమ్మిది, పది తరగతులు. కువైట్‌లో పన్నెండో తరగతి పూర్తిచేసిన బిడ్డ తాతముత్తాతల సమాధులు రాయచోటిలోనే ఉన్నా స్థానికేతరుడే. బీసీ-ఇ ధ్రువపత్రం చేతిలో ఉన్నా, ఆ 85 శాతంలో అతనికి చోటు లేదు. వైద్య విద్యకు 2021 నుంచి కువైట్‌లోనే నీట్ రాసే సదుపాయం వచ్చింది. పరీక్షా కేంద్రం దగ్గరయింది గాని, సీటు దగ్గర కాలేదు. ఎన్నారై కోటా ఉన్నదిగా అనేవారికి మా సమాధానం ఒక్కటే: ఆ ఫీజు మాట విని గుమాస్తా కొడుకు దరఖాస్తు కూడా పెట్టడు.

ఈ నియమం కుటుంబాన్ని చీల్చుతున్నది. దరఖాస్తులు నింపించుకోవడానికి మా వద్దకు వచ్చే తల్లులలో కొందరు, బిడ్డ ఎనిమిదో తరగతి ముగియగానే అతన్ని తీసుకుని వచ్చేసినవారే. అక్కడ తండ్రి ఇల్లు ఖాళీచేసి, నలుగురు పడుకునే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుంటాడు. తండ్రి అవసరం ఎక్కువగా ఉండే వయసులో బిడ్డకు తండ్రి ఫోనులోని గొంతుగా మిగులుతాడు. ఏళ్ల తరబడి కష్టపడి నిలుపుకున్న సంసారాన్ని ఒక కాగితం కోసం విడగొట్టుకోవలసి రావడం న్యాయమా?

ప్రవాసులలో ధనవంతులూ ఉన్నారు, సడలిస్తే సీట్లు వారే తన్నుకుపోతారని కొందరంటారు. ఆ భయాన్ని మేము తోసిపుచ్చము. ఆదాయ పరిమితి పెట్టవచ్చు. ఎన్ఐటీల వంటి కేంద్ర సంస్థలలో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ప్రత్యేక కేటాయింపు ఇప్పటికే ఉన్నది. కేంద్రం గుర్తించిన అవసరాన్ని రాష్ట్రం గుర్తించకపోవడానికి కారణం కనబడదు.

రాష్ట్రపతి ఉత్తర్వును మార్చరాదన్న వాదన కూడా నిలవదు. విభజన తరువాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివచ్చిన కుటుంబాల పిల్లలను స్థానికులుగా పరిగణించేందుకు 2016లో దానిని సవరించారు. ఆనాడు ప్రభుత్వం బిడ్డ ఎక్కడ చదివాడని మాత్రమే చూడలేదు, ఆ కుటుంబం ఎందుకు ఊరు విడిచి ఉండవలసి వచ్చిందో కూడా చూసింది. కరువు సీమ నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్లినవారి విషయంలోనూ అదే దృష్టి ఉండాలని మాత్రమే మేము అడుగుతున్నాము. తల్లిదండ్రులు ఈ గడ్డవారై, పరిమిత ఆదాయంతో గల్ఫ్‌లో పనిచేస్తున్నట్లయితే, వారి బిడ్డ అక్కడ చదివిన సంవత్సరాలను ఇక్కడ చదివినట్లే లెక్కించాలి. శాసనసభ్యులు ఇందుకై తీర్మానం చేయించి కేంద్రానికి పంపాలి.

సవరణ వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోరాదు. బిడ్డ ఏడో తరగతిలో ఉన్నప్పుడే ఈ నియమాల గురించి తెలుసుకోవాలి. జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల నివాస, కుల ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోవాలి. మసీదు కమిటీలు సెలవులకు వచ్చే కుటుంబాలకు ఈ విషయాలు చెప్పే బాధ్యత తీసుకోవాలి. తల్లిదండ్రులు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పించాలి. రేపు తహసీల్దారు కార్యాలయం గోడమీది ప్రకటన చదువుకోవలసింది వారే.

పరాయి దేశం పరాయివాడని అంటే సహించవచ్చు. సొంత ఊరు కూడా అదే మాట అంటే ఆ బిడ్డ ఎక్కడికి పోవాలి?